దోహా నుంచి బురుబోను దాకా

మా మామ్మ పెళ్ళి 1931లో యానాంలో జరిగింది. అప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్ళు. పుట్టిల్లు తాళ్ళరేవు పక్కన పల్లె, అత్తవారిది కాకినాడ దగ్గర. రెండువైపులా ఎవరికీ యానాంతో చుట్టరికం లేదు. అయినా పెళ్ళివారంతా బళ్ళు కట్టుకుని యానాం వెళ్ళారు. కారణం శారదా చట్టం. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేస్తే శిక్ష అంటూ 1929లో వచ్చిన ఆ చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిషు ఇండియా అంతటా అమలైంది. యానాం ఫ్రెంచివాళ్ళది కాబట్టి అక్కడ అమలు కాలేదు. గోదావరి జిల్లాల నుంచి జనం పిల్లల్ని చంకనేసుకుని అక్కడికి వెళ్ళి మూడు ముళ్ళూ వేయించేసేవారు. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా స్థిరపడింది. ఇది మనం గర్వపడే చరిత్రేమీ కాదు. కానీ మా ఇంట్లో ఫ్రెంచి వలసపాలన అనగానే మొదట గుర్తొచ్చేది డూప్లే కాదు, బుస్సీ కాదు, మామ్మ పెళ్ళే.

మామ్మ నోట ఇంకో మాట వినేవాళ్ళం. పిల్లలెవరైనా ఆటల్లో పడి చీకటి పడ్డా ఇంటికి రాకపోతే "బురుబోను పోయాడేంటర్రా వీడు?" అనేది. అదేమిటని అడిగితే, ఆవిడ ముత్తాతకి అన్నగారొకాయన ఉండేవారట, ఓడెక్కి బురుబోను పోయారట, మళ్ళీ రాలేదట. అంతకన్నా ఆవిడకీ తెలియదు. బురుబోను అంటే బర్మా అయ్యుంటుందని మా నాన్నగారు, ఊరికే అలా అంటారని మా పెద్దమ్మ. కాకినాడ, కోరంగి రేవుల నుంచి రంగూన్ వెళ్ళినవాళ్ళకి లెక్కలేదు, బర్మాలో తెలుగు కూలీలని 'కోరంగీలు' అనే పిలిచేవారు. కాబట్టి నాన్నగారి మాటే నిజమనుకుని ఊరుకున్నాం.

ఆ మాట మళ్ళీ నాకు తగిలింది దోహాలో.

2014 అక్టోబరులో ఖతార్ డిజిటల్ లైబ్రరీ అనే సైటు మొదలైంది. ఖతార్ ఫౌండేషన్, ఖతార్ నేషనల్ లైబ్రరీ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ కలిసి చేసిన పని. ఇండియా ఆఫీసు రికార్డుల్లో గల్ఫ్‌కి సంబంధించిన దస్త్రాలు ఎన్నో పేజీ పేజీ ఫొటో తీసి, ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ వివరాలు రాసి, డబ్బు తీసుకోకుండా ఎవరైనా చూసుకునేలా పెట్టారు. ఇక్కడ ఉద్యోగం చేసుకునే మాలాంటివాళ్ళకి శుక్రవారం పూట బయట ఎండ మండిపోతుంటే ఏసీ గదిలో కూర్చుని చేసే పనులు కొన్నే. నాకది వ్యసనమైంది. బొంబాయి ప్రభుత్వానికి బుషేరు రెసిడెంటు రాసిన ఉత్తరాలు, ముత్యాల పడవల లెక్కలు, లోరిమర్ గెజెటీరు చదువుతూ పోయాను.

చదువుతుంటే ఒక తగాదా కంటబడింది. ఒమాన్‌లో సూర్ అనే రేవు ఉంది. అక్కడి పడవ యజమానులు కొందరు ఫ్రెంచి జెండా ఎగరేసుకునేవారు. జెండా ఉంటే బ్రిటిషు నావికాదళం ఆ పడవని ఆపి సోదా చెయ్యడానికి లేదు. ఆ జెండా చాటున బానిసల రవాణా జరుగుతోందని బ్రిటన్ ఫిర్యాదు. ఫ్రాన్సు 1894లో మస్కట్‌లో కాన్సల్‌ని పెట్టాక గొడవ ఇంకా ముదిరి, చివరికి హేగ్‌లోని మధ్యవర్తి న్యాయస్థానానికి వెళ్ళింది. 1905 ఆగస్టు 8న తీర్పు వచ్చింది. 1892 జనవరి 2కి ముందు జెండాలిచ్చే హక్కు ఫ్రాన్సుకి ఉంది, ఆ తరవాత మాత్రం ఫ్రాన్సు రక్షణలో ఉన్నవాళ్ళకే ఇవ్వాలి అని ఆ తీర్పు సారాంశం.

ఈ కాగితాల్లో ఫ్రెంచివాళ్ళ గురించి ఉన్నదంతా ఇంగ్లీషువాడు రాసిందే. పక్కింటివాడి గురించి ఎదురింటివాడు చెప్పే కబుర్లలా ఉంటుంది. రెండోవైపు ఏమంటారో చూద్దామని గాలికాలోకి వెళ్ళాను. గాలికా అంటే ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం 1997లో మొదలుపెట్టిన అంతర్జాల భాండాగారం. పాత పుస్తకాలు, పత్రికలు, పటాలు, రాతప్రతులు, అన్నీ ఉచితం. అక్కడ హిందూ మహాసముద్రం పటమొకటి తెరిచాను. మడగాస్కర్‌కి తూర్పున చిన్న దీవి. దాని పేరు 'ఈల్ బుర్బోఁ'. అర్ధరాత్రి దాటింది. పైకి చదివాను. మామ్మ గొంతే వినబడింది.

బురుబోను అంటే బుర్బోఁ దీవి. ఇప్పుడు రియూనియన్ అంటున్నాం. ఫ్రెంచి విప్లవంలో 1793లో ఆ రాచవంశపు పేరు తీసేసి రియూనియన్ అన్నారు, నెపోలియన్ కాలంలో 1806లో బొనపార్ట్ దీవి అన్నారు, తరవాత మళ్ళీ బుర్బోఁ అయింది. 1848లో రాజరికం పోయాక రియూనియన్ పేరే ఖాయమైంది. పేరు మారిన తేదీ పట్టుకుని, మా తాతగారు 1848కి ముందే వెళ్ళి ఉండాలని మొదట లెక్కేశాను. అది తొందరపాటు. కాగితం మీద పేరు మారినంత మాత్రాన రేవులో మేస్త్రీల నోట పాతపేరు పోతుందా? మద్రాసుని చెన్నై అనడానికి మనకెన్నేళ్ళు పట్టింది? వయసులు కట్టి చూసుకుంటే మామ్మ ముత్తాత అన్నగారు 1850ల్లో వెళ్ళి ఉండాలి.

అసలు యానాం నుంచి అక్కడికి మనుషులు వెళ్ళడమేమిటి? ఫ్రెంచివాళ్ళు యానాంలో మొదట దిగింది 1723లో. నాలుగేళ్ళకే వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చారు. బట్టల వ్యాపారం కోసం పెట్టుకున్న 'కొంత్వార్' అది. ఆ మాటకి అసలు అర్థం లెక్క చూసుకునే బల్ల. బ్రిటిషువాళ్ళతో యుద్ధం వచ్చినప్పుడల్లా ఆ బల్ల వాళ్ళ చేతికి పోవడం, సంధి కుదిరితే తిరిగి రావడం. 1793లో బ్రిటిషువాళ్ళు పట్టుకున్నప్పుడు యానాం అధికారిగా ఉన్నది పియర్ సొన్నరా. ఈయన ప్రకృతి శాస్త్రవేత్త, 1782లో భారతదేశం, చైనా ప్రయాణాల మీద బొమ్మలతో రెండు సంపుటాల పుస్తకం వేశాడు. మన బూడిదరంగు అడవికోడికి శాస్త్రీయనామంలో ఈయన పేరే ఉంది. యానాంలో కూర్చుని లెక్కలు రాసిన దొరల్లో పక్షులకి పేరిచ్చినవాడు ఈయనొక్కడే అనుకుంటాను.

1816లో యానాం మళ్ళీ ఫ్రాన్సుకి దక్కింది. అప్పటికి బట్టల వ్యాపారం తగ్గుముఖం. అటు బుర్బోఁలో చెరకుతోటలు పెరుగుతున్నాయి. బానిసల దిగుమతిని ఫ్రాన్సు చట్టంతో నిషేధించింది, దొంగచాటుగా సాగుతున్నా ఖాయం కాదు. తోటలకి మనుషులు కావాలి. 1828లో యానాం నుంచి 'లా త్యుర్క్వాజ్' అనే ఓడలో 15 మంది తెలుగువాళ్ళు ఒప్పందం మీద బుర్బోఁ వెళ్ళారు. ఫ్రెంచి కాగితాల్లో వాళ్ళని 'తెలింగాలు' అన్నారు. పదిహేను మందే కదా అనిపిస్తుంది. కానీ ఒక తేదీ పక్కన పెట్టి చూడండి. మారిషస్‌లో భారతీయ కూలీల రాకని గుర్తుచేసుకునే రోజు నవంబరు 2, ఎందుకంటే అట్లాస్ ఓడ అక్కడ దిగింది 1834 నవంబరు 2న. ఫిజీ, ట్రినిడాడ్, నటాల్ అన్నీ ఆ తరవాతివే. అంతకు ఆరేళ్ళ ముందే గోదావరి ఒడ్డు నుంచి మనవాళ్ళు కాగితం మీద వేలిముద్రలాంటి గుర్తేదో పెట్టి సముద్రం దాటారు. మన చరిత్ర పుస్తకాల్లో నేనీ మాట చదవలేదు. మనం ఇలా సభలు చేసుకుని వలస గురించి మాట్లాడుకునేటప్పుడు ఎనభైల్లో వచ్చిన డాక్టర్లు, తొంభైల్లో వచ్చిన ఇంజనీర్లతో మొదలుపెడతాం. మొదలు అది కాదు.

ఆ తొలి ప్రయత్నం నిలబడలేదు. జీతాలు సరిగ్గా ఇవ్వలేదనీ, బానిసల్లా చూశారనీ ఫిర్యాదులు వచ్చాయి, చాలామంది వెనక్కి వచ్చేశారు, కొన్నేళ్ళకే ఆగిపోయింది. 1848లో ఫ్రాన్సు బానిసత్వం రద్దు చేశాక మళ్ళీ కూలీల వేట మొదలైంది. ఈసారి పెద్ద ఎత్తున, ముఖ్యంగా పాండిచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి. యానాం కూడా ఉంది. 1853 మే 6న 'ఒరేలీ' అనే ఓడ కరీబియన్ సముద్రంలోని మార్టినీక్ చేరింది. అదే ఓడ 1854 డిసెంబరులో గ్వాడలూప్ వెళ్ళింది. మొత్తంమీద ఆ శతాబ్దంలో రియూనియన్‌కి లక్షకు పైగా, గ్వాడలూప్‌కి 42 వేలకు పైగా, మార్టినీక్‌కి 25 వేల దాకా మన దేశంవాళ్ళు వెళ్ళారు. రియూనియన్‌కి 1882లో బ్రిటిషు ప్రభుత్వమే ఆపేసింది. ఎక్కువమంది తమిళులు. కానీ తెలుగువాళ్ళెందరు అని అడిగితే అక్కడే చిక్కు. రియూనియన్‌లో దక్షిణాది హిందువులందరికీ ఒకటే పేరు, 'మలబార్'. పాండిచ్చేరిలో ఓడెక్కితే ఊరు పాండిచ్చేరే. తెలింగా అన్న మాట దీవిలో కొన్నాళ్ళు బతికి, మలబార్‌లో కలిసిపోయింది.

ఇక వెతుకులాట సంగతి. ఇది చేద్దామనుకునేవాళ్ళకి నాకు తగిలిన దెబ్బలు రెండు మూడు చెబితే పనికొస్తాయి. మొదటిది స్పెల్లింగు. మనకి తెలిసినట్టు యానాం అని కొడితే ఏమీ రాదు. ఫ్రెంచివాళ్ళ రాతలో అది యనావోఁ, అంటే ఇంగ్లీషు అక్షరాల్లో వై ఎ ఎన్ ఎ ఓ ఎన్. మచిలీపట్నంలో ఎస్ బదులు జడ్ పెట్టాలి. నర్సాపురం పక్క మాధవాయపాలెం కోసం వెతికితే ఊరు దొరకలేదు గానీ ఫ్రెంచి నిఘంటువులో బట్ట దొరికింది. 'మదపోలాం' అంటే వాళ్ళకి ఒక రకం నూలుబట్ట. ఆ ఊరివాళ్ళకే ఈ సంగతి తెలియకపోవచ్చు. రెండోది అచ్చు. పాత ఫ్రెంచి అచ్చులో ఎస్ అక్షరం ఎఫ్‌లా కనిపిస్తుంది. కంప్యూటరు దాన్ని ఎఫ్ అనే చదువుతుంది. చేతిరాతైతే మన కళ్ళే గతి. మూడోది తేదీలు. విప్లవకాలంలో వాళ్ళ సంవత్సరాలు, నెలల పేర్లూ మారిపోయాయి. రెండో సంవత్సరం అని రాసి ఉంటే అది 1793, 94ల నాటిదని తెలుసుకోడానికి నాకొక వారం పట్టింది.

ఎక్స్-అన్-ప్రొవాన్స్ అనే ఊళ్ళో ఫ్రాన్సు విదేశీ వలసల అభిలేఖాగారం ఉంది. వాళ్ళ సైటులో భారతదేశపు స్థావరాల జనన మరణ వివాహాల రిజిస్టర్లు ఊరి పేరూ సంవత్సరమూ పెట్టి చూడొచ్చు. అందులో యానాం కూడా ఉంది. పేజీలు తిప్పుతుంటే వణుకు పుడుతుంది. కానీ అన్ని కాగితాలూ అక్కడికి పోలేదు. పాండిచ్చేరిలో మన జాతీయ అభిలేఖాగారం శాఖలో కొన్ని ఉన్నాయి. అందులో ఏముందో ఢిల్లీవాళ్ళ అభిలేఖ్ పటల్ సైటులో కొంతవరకు చూడొచ్చు, మిగతాది వెళ్ళి చూడాల్సిందే. జాక్ వెబెర్ అనే ఫ్రెంచి చరిత్రకారుడు పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి ఇండియా మీద పెద్ద గ్రంథం రాశాడు, ఫ్రెంచి దీవులకి భారతీయుల వలస మీద కూడా పనిచేశాడు. తెలుగువాళ్ళం మనం దాన్ని చదవకుండా బొబ్బిలి యుద్ధం దగ్గరే ఆగిపోయాం.

బొబ్బిలి అంటే గుర్తొచ్చింది. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగుల ముందు ఆ కోట పడిపోవడం మనకి మహాకథ. ఫ్రెంచి చరిత్రల్లో బుస్సీ ఉత్తర సర్కారుల పర్యటనలో అదొక ఘట్టం, అంతే. ఈ తేడా చూసి మొదట్లో కోపం వచ్చింది. తరవాత అర్థమైంది, దస్త్రం రాసినవాడికి ఏది ఖర్చో అదే రాస్తాడు. మందుగుండు రాస్తాడు, జీతాలు రాస్తాడు. తాండ్ర పాపారాయుడు మన బుర్రకథలో బతకాల్సినవాడే.

అన్నీ చేదు కబుర్లే కావు. ఈ వెతుకులాటలోనే గాస్తోఁ లొరాఁ కెర్దూ అనే జెస్యూట్ ఫాదిరీ పరిచయమయ్యాడు. పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగు మాట్లాడే మిషన్లలో ఏళ్ళ తరబడి ఉండి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకీ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్‌లోని పండిత పరిషత్తుకి రాశాడు. ఆ ఉత్తరం అచ్చయ్యేసరికి 1808 అయింది. ఈలోగా 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పిన ఉపన్యాసానికి ఆ కీర్తి దక్కింది. తెలుగు నేర్చుకున్న ఫాదిరీకి దక్కాల్సిన వాటా పోయిందని ఇప్పటికీ నాకొక చిన్న మంట.

నా అసలు పని మాత్రం ఏళ్ళ తరబడి ముందుకి సాగలేదు. కూలీల జాబితాలో మనిషికి ఒక వరస ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, కొన్నిసార్లు ఒంటిమీది మచ్చలు. ఒక శుక్రవారం అలాంటి వరసలో ఊరి గడిలో తాళ్ళరేవు కనిపించింది. ఫ్రెంచి గుమాస్తా విన్నది విన్నట్టు రాసుకున్నాడు, అయినా తాళ్ళరేవే. వయసు 22. ఏడు మా లెక్కకి సరిపోయింది. పేరు మా ఇంటి మగవాళ్ళకి తరతరాలుగా పెట్టే పేరే. ఆగలేకపోయాను. వెంటనే కాకినాడ ఫోన్ చేసి నాన్నగారికి చెప్పాను. ఎనభై దాటిన మనిషి, ఫోన్లోనే ఏడ్చారు. సాయంత్రానికల్లా మా బంధువులందరికీ తెలిసిపోయింది. విశాఖపట్నం నుంచి పెదనాన్న కొడుకు ఫోన్ చేసి, రియూనియన్ వెళ్ళాలంటే వీసా కావాలా అని అడిగాడు.

రెండు రోజులయ్యాక తాపీగా మళ్ళీ చూశాను. తండ్రి పేరు గడిలో ఉన్నది మా వంశంలోని పేరు కాదు. నేను తెచ్చుకున్న మా వంశవృక్షంలో మామ్మ ముత్తాత తండ్రి పేరు స్పష్టంగా ఉంది. గుమాస్తా ఎంత తప్పు విన్నా ఈ పేరు ఆ పేరు కాలేదు. కులం గడిలోనూ మాది కాదు. మనకి ఇష్టమైన మూడు గడులు చదివి ఇష్టం లేని రెండు గడులు దాటేశాను, అంతే.

ఈ మధ్యలో ఇంకొకటి జరిగింది. మా కంపెనీ పనిలో పరిచయమైన జగిత్యాల వైపు కుర్రాడొకడు సెలవురోజు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. కాంట్రాక్టు కాగితం ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పమనేవాడు. ఒకసారి నేను తెరిచి ఉంచిన పేజీ చూసి ఇదేంటన్నాడు. 1861 జూలై 1న బ్రిటన్, ఫ్రాన్సు కూలీల గురించి కుదుర్చుకున్న ఒప్పందం అది. కాంట్రాక్టు అయిదేళ్ళు మించకూడదు, వారానికి ఆరు రోజులకి మించి, రోజుకి తొమ్మిదిన్నర గంటలకి మించి పని చేయించకూడదు అని అందులో ఉందని చెప్పాను. కుర్రాడు వేళ్ళ మీద లెక్కేసి, "యాభై ఏడు గంటలన్నట్టు. మాకు నలభై ఎనిమిదే కదన్నా కాయితంల" అన్నాడు. కాసేపాగి, "వాళ్ళకు గూడ కాయితంల అంతే ఉండె గని, తోటల ఎన్ని గంటలు చేసిన్రో ఎవరు చూసిన్రు?" అన్నాడు. అప్పటిదాకా నేను చదివిన పుస్తకాల్లో ఎవరూ అడగనంత సూటిగా అడిగాడు. 2020లో ఖతార్ చట్టం మార్చి, కంపెనీ మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదంది. 2021 మార్చి నుంచి కనీస వేతనం వెయ్యి రియాళ్ళు. కుర్రాడు ఆ చట్టం చూసుకుని వేరే కంపెనీకి మారాడు. తాళ్ళరేవు మనిషికి ఆ వీలు ఉన్నట్టు నేను చదివిన కాగితాల్లో లేదు.

నాన్నగారికి తప్పు చెప్పడం చాలా కష్టమైంది. వారం వాయిదా వేశాను. చివరికి ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు. కోప్పడతారనుకున్నాను. "మనవాడు కాకపోతే ఎవరివాడో ఒకడి వాడే గదా. రాసిపెట్టుకో. ఎవరైనా అడిగితే చెబుదువుగాని" అన్నారు.

రాసిపెట్టుకున్నాను. ఆయన పేరు ఇక్కడ రాయను, ముందు వినాల్సింది వాళ్ళవాళ్ళు. తాళ్ళరేవు, కోరంగి, ఇంజరం, యానాం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఈ సభలకి చాలామంది వస్తారని తెలుసు. ఓడెక్కి పోయి తిరిగిరాని ముత్తాతల మాట మీ ఇంట్లో ఎవరైనా అనేవారేమో కనుక్కోండి. అర్థంలేని మాటలా ఉన్నా సరే, పెద్దవాళ్ళు పలికినట్టే రాసుకోండి. తండ్రి పేరు తెలిస్తే మరీ మంచిది. మా మామ్మ బంధువు ఇంకా దొరకలేదు. 1850ల జాబితాలు నేను చూసినవి కొన్నే. వచ్చే శుక్రవారం 1857తో మొదలుపెట్టాలి.